నగారా మోగాక వీధిలో ఎవరున్నారు?

అందరికీ నమస్కారం. డిటెక్టివ్ గేమ్ అనగానే మనకు భూతద్దం, వేలిముద్రలు, లండన్ వాన గుర్తొస్తాయి. అవేవీ లేని ఆట గురించి ఇవాళ మాట్లాడతాను. న్యూపిక్సో గేమ్స్ వాళ్లు 2019లో తెచ్చిన 'డిటెక్టివ్ డీ: ది సిల్క్ రోజ్ మర్డర్స్'. కథ జరిగేది టాంగ్ రాజవంశ కాలపు చైనాలో, సామ్రాజ్ఞి వూ ఏలుబడిలో. బొమ్మలు పాత పిక్సెల్ బొమ్మలే. అవి చూసి పక్కన పెట్టేయకండి.

హీరో డీ రెన్‌జే నిజంగా ఉన్న అధికారి. 630లో పుట్టి 700లో పోయాడు. రాజధాని న్యాయస్థానంలో ఉండగా ఏడాదిలో 17,000 మంది వ్యాజ్యాలు తేల్చాడనీ, అన్యాయం జరిగిందని ఒక్కరూ మొత్తుకోలేదనీ చరిత్రల్లో రాశారు. రోజుకు నలభై పైచిలుకన్నమాట! రాసినవాళ్లకు ఆయనంటే బాగా అభిమానం ఉన్నట్టుంది.

అప్పటి చైనా జిల్లాల్లో, మన మర్యాద రామన్న కథల్లోలాగే, ఆరా తీసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే. నేరం ఒప్పించడానికి కొట్టవచ్చు, కానీ దానికీ హద్దుంది: మూడు విడతలకు మించకూడదు, మొత్తం 200 దెబ్బలు దాటకూడదు. తప్పుడు ఫిర్యాదు చేసినవాడికి ఆ నేరానికి పడే శిక్షే పడేది. తప్పు తీర్పిచ్చిన అధికారికీ శిక్ష తప్పేది కాదు. ఈ తరహా ఆటల మీద నా ఫిర్యాదు ఇక్కడే. చాలావాటిలో తోచినవాడి పేరు నొక్కచ్చు, తప్పయితే మళ్లీ నొక్కచ్చు. టాంగ్ చట్టాన్ని ఆటలో పెడితే గుడ్డిగా నొక్కే చెయ్యి వణకదూ?

ఆధారాలకీ ఎక్కడికో పోనక్కర్లేదు. టాంగ్ రాజధాని చాంగాన్ నగరాన్నే తీసుకోండి. వందకు పైగా పేటలు, ప్రతి పేటకీ గోడ, గేట్లు. పొద్దుగూకాక నగారా మోగితే గేట్లు మూసేస్తారు. ఆ తర్వాత పెద్ద వీధిలో దొరికితే 20 బెత్తం దెబ్బలు. రాచకార్యం, జబ్బు, చావు లాంటి వాటికి మినహాయింపు. పేట లోపల తిరిగితే మాత్రం తప్పులేదు. ఇక అర్ధరాత్రి హత్య జరిగిందనుకోండి. హంతకుడు ఆ పేటవాడే కావాలి, లేదా సాయంత్రమే వచ్చి ఎవరింట్లోనో దాక్కుని ఉండాలి, లేదా వాడి దగ్గర అనుమతి చీటీ ఉండాలి. పజిల్ సగం నగరమే కట్టిపెట్టింది!

ఇంకో సంగతి, ఇది డీ తర్వాత అయిదు వందల ఏళ్ల నాటిది. 1247లో సాంగ్ త్సీ అనే న్యాయాధికారి శవపరీక్ష మీద పుస్తకం రాశాడు. అందులో ఒక కేసు. ఒకణ్ని కొడవలితో నరికి చంపారు. విచారణాధికారి ఊళ్లో కొడవళ్లన్నీ తెప్పించి ఎండలో వరసగా పరిపించాడు. అన్నీ శుభ్రంగా మెరుస్తున్నాయి. కాసేపటికి ఈగలు వచ్చి ఒక్కదాని మీదే వాలాయి. కడిగినా నెత్తుటి వాసన పోలేదు. మిగతా కొడవళ్ల మీద ఈగలు లేవెందుకని అడిగితే, దాని యజమాని తల నేలకు కొట్టుకుని ఒప్పుకున్నాడు. ల్యాబు లేదు, కెమిస్ట్రీ లేదు. ఎండ, ఈగలు, కాస్త ఓపిక, అంతే. ఇలాంటి పజిల్ ఇచ్చే ఆట వస్తే నేను మొదటి రోజే కొంటాను.

సరే, ఇప్పుడు తెర మీద ఆట పెడుతున్నాను. మౌస్ ముందు వరసవాళ్లకి. షరతు ఒక్కటే: ఎవరి మీద నేరం మోపాలన్నా, ముందుగా వెనక వరసవాళ్లని ఒప్పించాకే నొక్కాలి.