ముగ్గేసే చేతిలో పెన్సిల్ ఎందుకు వణుకుతోంది

యాంకర్: హలో, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారండి?

కాలర్: గుణుపురం నుంచండి. మాస్టారూ నమస్కారం. పిల్లలు బడికెళ్ళాక కూర్చుని డ్రాయింగ్ నేర్చుకుంటున్నానండి, రెండు నెలలైంది, గీత మాత్రం తిన్నగా రాదు, వణికిపోతాది, చతురస్రం వేస్తే ఒక మూల కలవదు, సున్నా వేస్తే కోడిగుడ్డులాగ వస్తాది. ఏటి చెయ్యాలండి?

మాస్టారు: వాకిట్లో ముగ్గేస్తారామ్మా?

కాలర్: రోజూనండి. సంక్రాంతికైతే పదిహేను చుక్కల మెలికల ముగ్గేస్తాను.

మాస్టారు: అప్పుడు వణుకుతాదా?

కాలర్: అబ్బే... లేదండి.

మాస్టారు: అదే చెయ్యి కదమ్మా. ముగ్గేసేటప్పుడు మణికట్టు ఎక్కడా ఆన్చరు, భుజం నుంచి చెయ్యంతా కదులుతాది, మీ చూపు వేళ్ళ మీద ఉండదు, చేరాల్సిన చుక్క మీద ఉంటాది. పేపర్ ముందు కూర్చునేసరికి అరచెయ్యి ఆన్చేసి, పెన్సిల్ మొన దగ్గర బిగించి పట్టుకుని, ఆ మొననే చూసుకుంటూ మెల్లగా లాగుతున్నారు. మణికట్టు తిరిగేది చిన్న వంపులోనే, అందుకే పొడుగు గీత వంగిపోతాది, మెల్లగా లాగితే ప్రతి వణుకూ కనపడిపోతాది.

కాలర్: అవునండి, మొననే చూస్తాను.

మాస్టారు: ఇలా చెయ్యండి, పాత న్యూస్‌పేపర్, బాల్‌పెన్ను తీసుకోండి, పెన్నెందుకంటే రబ్బరు జోలికి పోకుండా. జానెడు దూరంలో రెండు చుక్కలు పెట్టి, పెన్ను ఆనకుండా గాల్లోనే రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, రెండో చుక్కని చూస్తూ ఒక్క ఊపులో గీసేయండి. చుక్క తప్పినా పర్లేదు, గీత మీద గీత వెంట్రుకల్లాగ మాత్రం రుద్దకండి. ముందు గీత తిన్నగా రావాలి, గురి తర్వాత కుదురుతాది. చెయ్యి తిరగని వైపు గీత అయితే పేపరే తిప్పుకోండి, తప్పేం కాదు.

కాలర్: మరి చతురస్రం, సున్నా ఎలాగండి?

మాస్టారు: చతురస్రానికి నాలుగు చుక్కలు ముందే పెట్టేసుకోండి, మూలలు అవే కలుస్తాయి. సున్నాకి గాల్లో తిప్పి తిప్పి, అదే ఊపులో ఎత్తకుండా రెండు చుట్లు వేసేయండి. రోజూ పది నిమిషాలు చాలు, వారానికోసారి గంట కూర్చోడం కన్నా అదే మేలు. మీ చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్ళలో ఇడితాల్, అదే వాళ్ళ గోడ బొమ్మలు, చూసే ఉంటారు, ఎర్రమట్టి గోడ మీద ముందు చుట్టూ హద్దు గీసుకుని ఆ తర్వాతే లోపలికొస్తారు, ఒళ్ళు త్రిభుజాలు, కాళ్ళూ చేతులూ ఉత్త గీతలు. అది వాళ్ళకి పూజ, కాపీ కొట్టమనటం లేదు, అంత తక్కువ ఆకారాలతో ఎంత చెప్పొచ్చో చూడండి, నాకు చూసిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తాది.

యాంకర్: పర్లాకిమిడి నుంచి తమ్ముడు లైన్లో ఉన్నాడు.

రెండో కాలర్: సార్, నైన్త్ చదువుతున్నాను. గ్లాసు వేస్తే పైన సున్నాకి రెండు చివర్లూ మొనదేలిపోతున్నాయి.

మాస్టారు: ఆ చివర్లు మెత్తగా మలుపు తిరగాలి నాన్నా, మొన రాకూడదు. గాజు గ్లాసుందా? అంచుని కంటికి సమానంగా పట్టుకో.

రెండో కాలర్: సార్... సున్నా లేదు, గీతలాగ ఉంది!

మాస్టారు: కొంచెం దించు. పై అంచూ, అడుగూ రెండూ చూడు.

రెండో కాలర్: అడుగు ఇంకా గుండ్రంగా ఉంది సార్. నేను తిన్నగా గీసేశాను.

మాస్టారు: కంటికి ఎంత కిందుంటే అంత గుండ్రంగా కనపడతాది. గ్లాసు అక్కడే పెట్టి, ఇప్పుడే వెయ్యి.