ఈ ఎండాకాలం మీ ఇంటి పుస్తకం

(వేసవి సెలవుల మొదట్లో, నల్లగొండలో తల్లిదండ్రులతో ఒక గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. ముందు ఆ మూలన కుండలో చల్లటి నీళ్లున్నాయి, తాగి కూర్చోండి. అవ్వలకు, తాతలకు ముందు వరసలో కుర్చీలు వేయించాను. ఇవాళ నా మాటలు ఎక్కువగా మీ గురించే.

బడులకు సెలవులిచ్చారు. మన నల్లగొండ ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. పదకొండు దాటితే గడప దాటలేం. మళ్లీ ఐదింటికి గానీ పిల్లలను బయటికి పంపలేం. ఆ ఆరు గంటలు ఇంట్లో ఏం చేయాలి? పోయిన వారం ఒక తల్లి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడం, ఫోన్ గుంజుకుంటే ఏడుస్తున్నడు, ఇస్తే కండ్లు ఎర్రగైనా ఇడుస్తలేడు, నాకు టెన్షన్ అయితుంది" అన్నది. ఆమెకు నేను రెండు కథల పుస్తకాలు ఇచ్చి పంపాను. రెండు రోజులకు తిరిగి తెచ్చింది. పిల్లవాడు చదివేశాడు, ఇప్పుడేం చేయాలి అని. అప్పుడు అనిపించింది, గ్రంథాలయం ఇవ్వాల్సింది పుస్తకం ఒక్కటే కాదని.

పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీరంతా విన్నారు. ఆయన 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రచురించారు. 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది. ఆ పుస్తకం తీసి చూడండి. రాజులు ఎవరిని గెలిచారన్నది కాదు ఆయన పట్టించుకున్నది. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు, పండుగలెట్లా చేసుకున్నారు, ఇవీ ఆయనకు కావలసినవి. అంతకు ముందు 1934లో, తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. రాసి ఉంచకపోతే, ఉన్నవాళ్లను కూడా లేరనే అంటారు. ఈ మాట నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: ఈ సెలవుల్లో ప్రతి ఇల్లూ తన సాంఘిక చరిత్ర తాను రాసుకోవాలి. ఒక్క నోటుబుక్కు చాలు.

ఎట్లా మొదలుపెట్టాలి? చాలామంది పిల్లలు అవ్వ దగ్గర కూర్చుని, "అవ్వా, నీ చిన్నప్పుడు ఎట్లుండేది?" అని అడుగుతారు. "ఏముంటది బిడ్డా, కష్టాలే" అంటుంది అవ్వ. మాట అక్కడే ఆగిపోతుంది. తప్పు అవ్వది కాదు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా అంతే చెబుతారు. వస్తువు పట్టుకుని అడగాలి. రాత్రి ఇంట్లో వెలుగు దేనిది, గుడ్డి దీపమా, కందిలా? కిరోసిన్ ఎక్కడ దొరికేది? నీళ్లు ఏ బావి నుంచి, ఎన్ని బిందెలు, ఎవరు మోసేవాళ్లు? ఆ నీళ్లు తాగితే పండ్లు పచ్చబడ్డాయా? మన జిల్లాలో ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. మర్రిగూడ దిక్కు అవ్వలను అడిగితే నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి ఏ పాఠంలోనూ లేనంత చెబుతారు. పెళ్లికి కట్టుకున్న చీర ఏది, గద్వాలదా, నారాయణపేటదా? పెట్టెలో ఇంకా ఉందా? ఉంటే బయటికి తీయమనండి. చీర చేతిలోకి వస్తే మాట దానంతటదే వస్తుంది.

ఫోన్ వద్దనను. ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత విని రాయండి. ఒక్క షరతు. అవ్వ "గిట్లనే ఉండె", "ఏడికి పోతివి", "అంగీ" అంటే అట్లాగే రాయాలి. బడి భాషలోకి మార్చకండి. అవ్వ మాట అవ్వ మాటగానే కాగితం మీదికి రావాలి. ఆ మాటల్లో కొన్ని ఆమెతోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. మా అమ్మమ్మ వాడిన విత్తనాల పేర్లు నాకు సగమే గుర్తున్నాయి. ఇరవై రెండేళ్లుగా పుస్తకాల మధ్య పనిచేస్తూ కూడా నేను వాటిని రాసుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు గ్రంథాలయాలన్నీ మూశారు. మా గల్లీలో ఎనిమిదో తరగతి పిల్ల రోజూ గేటు దగ్గరికి వచ్చి పుస్తకం అడిగేది. మా ఇంట్లో ఉన్న ముప్పై పుస్తకాలూ నెలలో అయిపోయాయి. అప్పుడు ఒక నోటుబుక్కు ఇచ్చి, మీ తాతను అడిగి రాయమన్నాను. ఆ తాత వయసులో ఉన్నప్పుడు నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడట. ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఇవి ఆ పిల్ల బడి పుస్తకంలో ఉన్నాయి. రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట అది. ఆ రాళ్లు మోసిన భుజం ఒకటి తన ఇంట్లోనే ఉందని పుస్తకంలో లేదు. ఆ రోజు నుంచి తాత పక్కన మంచం వేసుకుని పడుకునేది.

ఇక ఇంట్లో ఆటలు. అష్టాచెమ్మా అందరికీ తెలుసు. నాలుగు చింతగింజ బద్దలు నేల మీద వేస్తాం. తెల్లవైపు నాలుగూ పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. అష్ట కోసం, చెమ్మ కోసం పిల్లలు ఎంత ఎదురుచూస్తారో! అవి ఎందుకంత అరుదు? లెక్క వేద్దాం. ఒక్కో బద్దకు రెండు ముఖాలు, నాలుగు బద్దలు పడే తీరులు మొత్తం పదహారు. అందులో రెండు తెల్లగా పడే తీరులు ఆరు. ఒకటి తెల్లగా పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. చెమ్మ ఒక్కటే, అష్ట ఒక్కటే. అంటే 160 సార్లు వేస్తే చెమ్మ పది సార్ల దగ్గర పడాలి. ఒక మధ్యాహ్నం కూర్చుని గీతలు పెట్టుకుంటూ లెక్కించండి. లెక్క సరిపోకపోతే ఇంకా మంచిది. గింజ ఒకవైపు ఉబ్బుగా, ఒకవైపు చదునుగా ఉంటుంది కదా, ఆ తేడా ఏం చేస్తుందో పిల్లలే కనిపెడతారు. ఇంటర్మీడియట్‌లో సంభావ్యత పాఠం వచ్చినప్పుడు ఈ చింతగింజలు గుర్తొస్తాయి.

మామిడికాయ తొక్కు పెట్టే రోజులివి. పిల్లలను వంటింట్లోంచి తరమకండి. అవ్వ సోలెడు కారం, గిద్దెడు మెంతిపిండి అంటే, ఎంతో గ్లాసుతో కొలిచి రాసుకోనివ్వండి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆ కొలతపాత్ర అటక మీద ఎక్కడో ఉంటుంది. దించి కడిగి చూపించండి. మగపిల్లలతోనూ చేయించండి, కారం కలిపేది మాత్రం పెద్దవాళ్లు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మన నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఒకటి మే 8 ప్రాంతంలో, ఇంకో పది రోజుల్లో. రెండోది ఆగస్టు మొదటి వారంలో. మేలో ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకు కాస్త ముందు డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి. నీడ కనిపించదు. ఐదు నిమిషాల పని, కాళ్లకు చెప్పులు, తలకు తువ్వాల తప్పనిసరి. ఓపిక ఉంటే రేపటి నుంచే ఒక పుల్ల నిటారుగా నాటి, రోజూ అదే వేళకు నీడ కొలిచి రాయండి. ఇప్పుడు నీడ ఉత్తరం వైపు పడుతుంది. రోజురోజుకూ కురచై మాయమవుతుంది. తర్వాత దక్షిణం వైపు పడటం మొదలవుతుంది. మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడటం చాలామంది పెద్దవాళ్లు కూడా గమనించి ఉండరు.

నీడ మాట వచ్చింది కాబట్టి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చెప్పాలి. మన ఊరి పక్కనే ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచి ఉంటుంది, సూర్యుడు ఎటు కదిలినా అది కదలదు. నీడలు ఎట్లా కలుస్తాయో తెలియాలంటే ఇంట్లో తలుపులు మూసి, గోడ ముందు ఒక సీసా పెట్టి, దానికి ఎదురుగా కాస్త పక్కపక్కన రెండు టార్చిలైట్లు వేసి చూడండి. రెండు పలచటి నీడలు పడతాయి, అవి కలిసిన చోట చిక్కటి నీడ. లైటును గుడ్డతో కప్పితే ఏమవుతుంది, దూరం జరిపితే ఏమవుతుంది, అన్నీ చేయనివ్వండి. తర్వాత ఒక పొద్దున చల్లగా ఉన్నప్పుడు గుడికి తీసుకుపోండి. తొమ్మిది వందల ఏళ్ల కింద అక్కడ రాయి చెక్కినవాళ్లు వెలుతురును ఎంతగా గమనించి ఉంటారో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

రాత్రి పడుకునే ముందు పావుగంట ఎవరైనా ఒకరు పైకి చదవాలి. అమ్మకు చదువు రాకపోతే పిల్ల చదువుతుంది, అమ్మ వింటుంది. మధ్యలో ఆపి "ఇప్పుడేమవుతది?" అని అడిగితే చాలు. పుస్తకాలు ఇక్కడ ఉన్నాయి. దూరపు ఊళ్లలో ఉన్నవాళ్లు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు.

కూలికి పోయి, ఆఫీసుకు పోయి అలసి వచ్చే తల్లులకు ఒక మాట. ఇవన్నీ చేయాలని మీ నెత్తిన పెట్టుకోకండి. వారానికి ఒక్కటి చాలు. ఏమీ చేయలేని వారం వస్తే వదిలేయండి. పిల్లలు, అవ్వ ఉన్నారు కదా, వాళ్లే చూసుకుంటారు. పని కోసం అమ్మానాన్నలు దూరం పోయి, అవ్వ దగ్గరే ఉండే పిల్లలు పాలమూరులో, మన దగ్గరా ఎందరో ఉన్నారు. వాళ్ల నోటుబుక్కులో ఒక పేజీ ఫోన్‌లో అమ్మ చెప్పింది రాయాలి. అమ్మ ఏ ఊళ్లో ఉంది, అక్కడ ఏం కడుతోంది, అక్కడి నీళ్లెట్లున్నాయి.

ఆ ఎనిమిదో తరగతి పిల్ల నోటుబుక్కు నా దగ్గర ఉంది, తనే ఇచ్చింది. ఆఖరి పేజీలో ఇట్లా రాసింది: "తాతకు ఇంకా చెప్పేది ఉందంట. పేజీలు అయిపోయినయి." మర్నాడే ఇంకో నోటుబుక్కు కొనిచ్చాను. ద్వారం దగ్గర టేబుల్ మీద మీకోసం కూడా పెట్టాను. ఇంటికి ఒకటి తీసుకోండి, అవ్వ, తాత ఇద్దరూ ఉన్నవాళ్లు రెండు తీసుకోండి. జూన్‌లో బడి తెరిచేలోపు తెచ్చి చూపిస్తే, మీరు ఒప్పుకున్నవాటిని నకలు తీసి ఇక్కడ బీరువాలో ఉంచుతాను. చింతగింజలు కూడా ఒక డబ్బాలో ఉన్నాయి, బద్దలు చేసినవే. పిల్లలూ, ఒక్కొక్కరు నాలుగేసి తీసుకోండి.