కూర దించాకే ఆవ

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకీ, అక్కచెల్లెళ్ళకీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివేశారు. మళ్ళీ చదివితే నాకిచ్చిన 20 నిమిషాల్లో సగం వాటికే చెల్లు. రోజూ వండే కూరల గురించి చెప్పమన్నారు. నాలుగు అనుకున్నాను: బెండ, బీర, అరటి, కంద.

బెండకాయ కడిగి, తుడిచి, తడి ఆరాకే తరగాలి. నీళ్ళు తగిలితేనే జిగురు సాగుతుంది. పావుకిలోకి రెండు పెద్ద చెంచాల నూనె, వెడల్పాటి మూకుడు. మూత పెట్టొద్దు, పెడితే ఆవిరంతా నీరై ముక్కల మీదే కారుతుంది. ఉప్పు ముందే వేసినా అంతే, కాయలో నీరు బయటికొస్తుంది. 12, 15 నిమిషాలు వేగి జిగురు పోయాక ఉప్పు వెయ్యండి.

బీరకాయకి అంతా తలకిందులు. మూత పెట్టాలి, నీళ్ళు చుక్క పొయ్యకూడదు. ప్రతి కాయా కొస కొరికి చూసి మరీ తరగండి, ఒక్క చేదుకాయ చాలు కూరంతా పారబొయ్యడానికి. అరకిలో ముక్కలు మూకుడు నిండా ఉంటాయి, మగ్గాక అడుగుకి దిగిపోతాయి. నిండుగా ఉన్నప్పుడు చూసి ఉప్పు వేస్తే నోట పెట్టలేం. దగ్గరపడ్డాకే వెయ్యాలి.

అరటికాయలు మూడు. సగానికి కోసి, తొక్కతోనే చిటికెడు పసుపేసి ఉడకబెట్టండి. తొక్క నల్లబడి చాకు దిగితే చాలు, ఇంకా ఉంచితే ముద్దయిపోతుంది. తొక్క తీసి చిదిపి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపులో చిన్న ఉసిరికాయంత చింతపండు పులుసు పోసి, అది చిక్కబడ్డాక కలపండి. పచ్చి ముక్కని పులుసులో వేస్తే ఎంతసేపటికీ మెత్తబడదు, పులుపు ఉడకనివ్వదు. ఇక ఆవ.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఆవ మిక్సీలో వేసేవాళ్ళు చేతులెత్తండి. చూశారా! "ఆవపెట్టిన కూర చేదండీ, పిల్లలు తినరు" అంటారు. అమ్మా, ఆ చేదు మిక్సీ తెచ్చింది. ఒక చెంచా ఆవాలు బ్లేడుకి అందవు. అందేదాకా తిప్పితే ముద్ద వేడెక్కుతుంది, చేదు తేలుతుంది. గింజ పొడిగా ఉన్నంతసేపూ ఘాటుండదు. నలిగి నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది. వేడినీళ్ళు పోశారా, పుట్టాల్సిన ఘాటు పుట్టదు, చేదు మాత్రం మిగులుతుంది. అందుకని అరకిలో కూరకి చెంచా ఆవాలు చన్నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, రెండు పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పుతో రోట్లో నూరండి. కూర దించి, 5 నిమిషాలు ఆగి కలపండి. మూతేసి మరో 10 నిమిషాలు ఉంచండి. పొయ్యి మీద ఆవ పెట్టకండి. మళ్ళీ చెప్తున్నాను, పొయ్యి మీద పెట్టకండి.

"మరి మా పక్కింటి ఒడియా వాళ్ళు బెసర అనే వాళ్ళ కూరలో ఆవముద్ద ఉడికిస్తారు కదా" అని మీరు అడగొచ్చు. నిజమే. అది వేరే వంట. వాళ్ళు వెల్లుల్లి కలిపి నూరి, నీళ్ళలో పల్చగా కలిపి, అంబుల అంటే ఎండుమామిడి ముక్క వేసి మరగనిస్తారు. ఘాటు పోయినా వాళ్ళకి ఫరవాలేదు, వాళ్ళకి కావలసింది ఆ చిక్కదనం, వెల్లుల్లి రుచి. మన కూరకి ముక్కు అదరాలి. రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. మహేంద్రతనయ నదికి అటూ ఇటూ రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏది చేస్తున్నామో తెలిసి చేస్తే చాలు.

చీటీ పంపారు, టైమైపోయిందట. కంద మిగిలిపోయింది. ఒక్క ముక్క: చేతికి నూనె రాసుకుని తరగండి, బాగా మెత్తగా ఉడికించి చింతపండు పులుపు తగిలించండి, గొంతు గీరదు.

బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఎడమవైపుది మిక్సీ ఆవ, కుడివైపుది రోటి ఆవ. కూర ఒకటే. ముందు ఎడమది తిని, మంచినీళ్ళు తాగి, తర్వాత కుడిది తినండి.