భార్యాభర్తలకు రెండు డీఎస్-160 ఫారాలు: మేము నింపిన అనుభవం

నమస్కారం. అమెరికా సందర్శక వీసా కోసం నింపే డీఎస్-160 ఫారం గురించి ఈ వీడియో. భార్యాభర్తలు కలిసి వెళ్తున్నప్పుడు దాన్ని ఎలా నింపాలో, అందులో నాకు ఏది నచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో చెబుతాను. మావారూ నేనూ మూడు సాయంత్రాలు దీని ముందు కూర్చున్నాం.

అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. ఇద్దరం ఒకే ప్రయాణం చేస్తున్నాం కదా, ఒక ఫారం చాలదా? చాలదు. ఎవరి ఫారం వారిదే. వీసా దరఖాస్తు రుసుము కూడా ఒక్కొక్కరికి 185 డాలర్లు. ఫారం నింపడానికి మాత్రం వేరే రుసుమేమీ లేదు. తెరవగానే డబ్బు కట్టమనే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి. అసలు సైటు అమెరికా విదేశాంగ శాఖది, దాని చిరునామా డాట్ గవ్‌తో ముగుస్తుంది.

మొదటి సాయంత్రం మావారే రెండు ఫారాలూ మొదలుపెట్టారు. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది, ఒకరు టైపు చేస్తే ఇంకొకరు వంటింట్లో నుంచి జవాబులు చెబుతారు. రెండో రోజు నా ఫారం చదువుకుంటే వృత్తి దగ్గర గృహిణి అని ఉంది. నేను ఆరేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, దానిమీద ఆదాయం ఉంది. ఆయన కావాలని చేసింది కాదు, ఇంట్లోనే ఉంటాను కాబట్టి అలా తోచింది. కానీ ఇంటర్వ్యూలో అధికారి ఆ కాగితం చూసి అడిగేది నన్ను. సోషల్ మీడియా ప్రశ్న దగ్గరా అంతే. గత ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ రాయాలి. నేను బొమ్మలు పెట్టుకునే ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఒకటి ఉందని ఆయనకు తెలియదు. ఖాతా పేరు రాస్తే చాలు, పాస్‌వర్డ్ అడగరు.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట: పక్కపక్కనే కూర్చోండి, కానీ ఎవరి జవాబులు వారే ఇవ్వండి. ఫారం కూడా ఇదే కోరుతుంది. చివర్లో, నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అడుగుతుంది. మీ భర్తో భార్యో టైపు చేసి ఉంటే అవును అని చెప్పి వారి పేరు ఇవ్వాలి. ఎవరు సాయం చేసినా, ఆఖరున సంతకం చేసి సమర్పించే బటన్ మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి.

ఇప్పుడు ప్రయాణం గురించిన ప్రశ్నలు. ఆయన ఫారంలో మూడు వారాలు ఉంటామని ఉంది, నా దాంట్లో నెల రోజులని రాశాను. రెండూ మా నోటి మాటలే, ఇంకా ఏదీ తేల్చుకోలేదు. అక్కడ ఆగి, కాగితం మీద తేదీ, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటాం, ఖర్చు ఎవరిది అని రాసుకున్నాం. ఆ తర్వాతే మళ్లీ ఫారం తెరిచాం. టిక్కెట్లు కొనాల్సిన పని లేదు. వీసా చేతికి రాకముందు కొనవద్దని వాళ్లే చెబుతారు, అనుకున్న తేదీ రాస్తే సరిపోతుంది. వెంట వచ్చేవారు ఉన్నారా అన్నచోట ఇద్దరం ఒకరి పేరు ఒకరు ఇచ్చాం. ఖర్చు ఆయనే పెట్టుకుంటున్నారు కాబట్టి ఆయన ఫారంలో సొంత ఖర్చు, నా ఫారంలో వేరొకరు అని ఎంచి ఆయన వివరాలు.

పేరు విషయంలో ఆడవాళ్లకు ఒక మాట. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా, పాస్‌పోర్టులో పాతదే ఉంటే ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. వాడిన ఇతర పేర్లకు వేరే ప్రశ్న ఉంది, అక్కడ రెండో ఇంటిపేరు చెప్పండి.

నాకు బాగా నచ్చిన సదుపాయం ఒకటి మాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరి ఫారం సమర్పించాక వచ్చే ధన్యవాదాల పేజీలో, కుటుంబ సభ్యుల కోసం కొత్త దరఖాస్తు మొదలుపెట్టే వీలుంది. వెళ్లే చోటు వంటి కొన్ని వివరాలు వాటంతటవే వచ్చేస్తాయి. మిగతావి ఎలాగూ మళ్లీ నింపాలి, అయినా రెండు ఫారాల్లో ప్రయాణం తేడాగా పడే భయం తగ్గుతుంది. మీరు ఈ దారిలోనే వెళ్లండి.

నచ్చనిది సమయం. దాదాపు 20 నిమిషాలు ఏమీ చేయకపోతే ఫారం మూసుకుపోతుంది. అమ్మానాన్నల పుట్టిన తేదీల కోసం ఊరికి ఫోన్ చేసి మాట్లాడుతూ ఉండిపోయాను, సేవ్ చేయని పేజీ పోయింది. ప్రతి పేజీకీ సేవ్ నొక్కండి. మొదట్లో ఇచ్చే దరఖాస్తు నంబరును రాసుకోండి, భద్రతా ప్రశ్నకు ఇచ్చిన జవాబు కూడా. మళ్లీ తెరవాలంటే ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఆ జవాబు కావాలి. ఇద్దరి నంబర్లు కలిసిపోకుండా విడివిడి కాగితాల మీద రాయండి.

ఫోటో గత ఆరు నెలల్లో తీసినదై ఉండాలి, కళ్లజోడు తీసేయాలి. చతురస్రం, 240 కిలోబైట్లు దాటకూడదు. భద్రతకు సంబంధించిన అవును, కాదు ప్రశ్నలు పేజీలకు పేజీలు వస్తాయి. అన్నిటికీ కాదు అని నొక్కుకుంటూ పోవద్దు, ఒక్కొక్కటీ చదవండి.

సమర్పించే ముందు ఫారాలు మార్చుకున్నాం. ఆయనది నేను, నాది ఆయన చదివాం. నా పాస్‌పోర్టు గడువు తేదీలో ఒక అంకె తప్పుందని అప్పుడే ఆయన కంటపడింది. సమర్పించిన తర్వాత దిద్దడం కుదరదు, మళ్లీ కొత్త ఫారమే. సరిచేసి బటన్ నొక్కాను. బార్‌కోడ్ ఉన్న నిర్ధారణ పేజీలు రెండూ ప్రింటు తీసి, ఎవరిది వారి పాస్‌పోర్టులో పెట్టుకున్నాం.