సగటు చూసి సైకిల్ టైమ్ పెట్టకండి

వేదిక మీది పెద్దలకూ, షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మీకూ నమస్కారం. నాకిచ్చిన అంశం పీఎల్‌సీలో, అంటే మిషన్‌ను నడిపే కంట్రోలరులో, సైకిల్ టైమ్ ఎంచుకోవడం. ప్రోగ్రాము ఎంతకోసారి తిరగాలో తేల్చడమన్నమాట; ఒక్కో తిరుగుడు ఒక స్కాన్. అయితే ముందు వాచ్‌డాగ్ సంగతి, అంటే స్కాన్ గడువు దాటితే పట్టుకునే టైమర్ సంగతి, తేలాలి. సీమెన్స్ ఎస్7-1500 పీఎల్‌సీలో మెయిన్ సైకిల్ గడువు డిఫాల్టుగా 150 మిల్లీసెకన్లు. అది దాటి సీపీయూ స్టాప్‌లోకి పోతే మనవాళ్లు చేసే మొదటి పని ఆ 150ని 500 చేయడం. లైన్ నడుస్తుంది. స్కాన్ ఎందుకు సాగిందో మాత్రం ఎవరూ చూడరు.

ఎంత సైకిల్ కావాలో చెప్పేది మిషనే. కన్వేయరు సెకనుకు 1 మీటరు పోతోంది, సెన్సర్ ముందు 20 మి.మీ. మూత దాటుతోంది. సిగ్నల్ ఉండేది 20 మిల్లీసెకన్లే. అందులో రెండు స్కాన్లు పట్టాలంటే టాస్కు, అంటే నిర్ణీత వ్యవధికోసారి నడిచే ప్రోగ్రాము భాగం, 10 మిల్లీసెకన్లకోసారి నడవాలి. ఇవ్వగలమా అన్నది లోడ్, అంటే సీపీయూ సమయంలో టాస్కులు తినే శాతం, తేల్చాలి.

10, 50, 200 మిల్లీసెకన్లకోసారి నడిచే టాస్కులు మూడున్నాయి, తరచుగా నడిచేదానికే ముందు ప్రాధాన్యం అనుకోండి. అంతరాయాలు లేకుండా సొంతంగా 10 టాస్కుకు గరిష్ఠం 2 మిల్లీసెకన్లు, 50 దానికి 12, 200 దానికి 30. 20, 24, 15 శాతాలు, మొత్తం 59. మరి మూడోది 30లో ముగుస్తుందా? కాగితం తీయండి, వెనక వరుసవాళ్లూ తీయండి! మూడూ ఒకేసారి మొదలైతే, అది ముగిసేలోపు 10ది ఏడుసార్లు, 50ది రెండుసార్లు అడ్డొస్తాయి. 30కి 14, 24 కలిపితే 68. చాలా కంట్రోలర్లలో వాచ్‌డాగ్ లెక్కపెట్టేది ఈ అంతరాయాలతో కలిపిన సమయాన్నే. దాన్ని 60కి పెడితే ప్రోగ్రాములో తప్పు లేకుండానే ట్రిప్పు. మానిటర్‌లోనూ ఇలా అంతరాయాలు కలిసే 2, 16, 68 కనబడొచ్చు. వాటినే శాతాలు చేసి కూడితే అంతరాయాలు రెండుసార్లు లెక్కకొచ్చి 86 వస్తుంది, కొత్త సీపీయూకి ఇండెంట్ పెట్టేస్తాం!

ఇక సగటు. 99 స్కాన్లు 2, ఒక్కటి 14 అయితే సగటు 2.12. ఆ ఒక్క స్కానే 10 టాస్కును ఓవర్‌ల్యాప్ చేస్తుంది, అంటే అది ముగియకముందే తర్వాతి వంతు వచ్చిపడుతుంది. గరిష్ఠమే చూడండి. రాక్‌వెల్ లాజిక్స్ కంట్రోలర్లలో జీఎస్‌వీతో, అంటే సిస్టమ్ విలువలు తెచ్చే ఇన్‌స్ట్రక్షన్‌తో, చదివితే అది మైక్రోసెకన్లలో వస్తుంది, మిల్లీ అనుకోకండి. ముందు దాన్ని సున్నా చేసి, రెసిపీ మార్చండి, ఎమర్జెన్సీ నొక్కి అలారాలన్నీ ఒకేసారి రప్పించండి, ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో ఉంచండి. ఖాళీ మిషన్ మీద తీసిన కొలత నాకు చూపించొద్దు.

గరిష్ఠం ఎక్కువొస్తే ముందు ఫర్ లూపులు, అంటే ఒకే స్కానులో ఒకే పనిని మళ్లీమళ్లీ చేసే భాగాలు, వెతకండి. 1000 రికార్డులను స్కానుకు 100 చొప్పున పది స్కాన్లకు పంచండి. పీఐడీని, అంటే కొలతలోని తేడా చూసి వాల్వు వంటివాటిని సరిదిద్దే బ్లాకును, 100 టాస్కు నుంచి 200లోకి మారిస్తే, ఆ బ్లాకులో చేత్తో రాసిన శాంపిల్ టైమ్, అంటే లెక్కకు వాడే వ్యవధి, కూడా మార్చండి. మరిచిపోతే తేడాను కూడబెట్టే ఇంటెగ్రల్ సగం వేగంతోనే పేరుకుంటుంది, తేడా మారే వేగాన్ని చూసే డెరివేటివ్ రెట్టింపవుతుంది. వాల్వు వణుకుతుంటే మీరు ట్యూనింగ్‌తో కుస్తీ పడుతుంటారు.