మందుకు బానిసయ్యారా? గుర్తుపట్టడం ఇలా

నమస్కారం. “అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు చుక్క ముట్టడండీ, ఆయన బానిసెలా అవుతాడు?” ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. మానాడా లేదా అని కాదు, మానిన మొదటి మూడు రోజులు ఎలా గడిచాయో చూడండి.

బానిసైతే, ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వికారం, గుండెదడ మొదలవుతాయి. నిద్ర పట్టదు. రెండు చేతులూ ముందుకు చాచి వేళ్లు విడదీయమనండి, వణుకు కనిపిస్తుంది. అదే మనిషి ఓ పెగ్గు పడగానే కుదుటపడితే, శరీరం మందు మీద ఆధారపడిందని అర్థం. పళ్లు తోమకముందే తాగేది చాలాసార్లు ఇందుకే, సరదాకి కాదు.

ఎందుకిలా? ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవారి మెదడు దాన్ని తట్టుకోవడానికి తన జోరు పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ జోరుకి అడ్డుండదు.

అందుకే ఎక్కువగా తాగేవాళ్లు డాక్టర్ని కలవకుండా ఉన్నపళంగా మానకూడదు. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, లేని మనుషులు కనిపిస్తున్నారంటే అది గాలి సోకడం కాదు, ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి. కాలు విరిగి ఆస్పత్రిలో చేరినా మందు ఒక్కసారిగా ఆగుతుంది కాబట్టి ఇదే ప్రమాదం. రోజూ ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో చేరేటప్పుడే చెప్పేయండి. పరువు పోతుందని దాస్తే చిక్కంతా మూడో రోజు బయటపడుతుంది.

ఇక “కెపాసిటీ”. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అది పడినా మాట తడబడలేదని స్నేహితులు మెచ్చుకుంటారు చూడండి, డాక్టర్ దృష్టిలో అదీ ఒక లక్షణమే.

మిగతావి త్వరగా చెప్తాను: తాగాలన్న ఆపుకోలేని తపన, ఒక్క పెగ్గుతో ఆగలేకపోవడం, మందు కోసం మిగతా పనులూ సరదాలూ వదిలేయడం, కామెర్లు వచ్చాక కూడా తాగడం. వణుకు, కెపాసిటీలతో కలిపి మొత్తం ఆరు. ఏడాదిలో వీటిలో మూడు కలిసి కనిపిస్తే డాక్టర్లు దాన్ని వ్యసనంగా లెక్కిస్తారు.

కల్తీ కల్లు తాగేవాళ్ల సంగతి వేరు. అందులో ఆల్ప్రజోలం లాంటి మత్తుమందు కలిపి ఉంటే, మానినప్పుడు దాని బాధ కూడా తోడవుతుంది. ఆ విషయం డాక్టర్‌కి విడిగా చెప్పండి.

మందు మాన్పించే మాత్రలు కూరలో రహస్యంగా కలపకండి. తెలియక తాగితే వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.