కొండ మీద పాత హెలిప్యాడ్ తీసి కొత్తది వేయడం: మోత లెక్కతో మొదలుపెడదాం

నమస్కారం అండి. ఈ వీడియో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పనిచేసే సైట్ ఇంజినీర్లకీ, చిన్న కాంట్రాక్టర్లకీ, డిప్లొమా పూర్తిచేసి కొత్తగా ఫీల్డులోకి వచ్చిన పిల్లలకీ. రోడ్డు లేని కొండ నెత్తిన పాతబడిన హెలిప్యాడ్ ఉంటుంది. పక్కన ఓ వైర్‌లెస్ టవర్, ఓ చిన్న గది. ఆ ప్యాడ్ తీసేసి కొత్తది వేయాలని ప్రభుత్వ టెండర్ వచ్చింది అనుకుందాం. ఆ పని ఎలా చేయాలో మొదటి నుంచి చూద్దాం.

వీఐపీ పర్యటనకు ఊరి బయట మైదానంలో హడావుడిగా వేసే హెలిప్యాడ్ వేరు. అక్కడ లారీ నేరుగా ప్యాడ్ పక్కకే వచ్చి మెటల్, అంటే కంకర, దించుతుంది. మన పనిలో లారీ కొండ కిందే ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రతి కిలో మనిషి తల మీదో, హెలికాప్టర్ కింద వేలాడుతూనో పైకి వెళ్ళాలి. అందుకే నేను డ్రాయింగ్ కంటే ముందు మోత లెక్క చెప్తాను. డిజైను, రేటు, గడువు అన్నీ ఆ లెక్కను బట్టే తేలతాయి.

ముందు సైజు. మీ ప్యాడ్ మీద దిగబోయే వాటిలో అన్నిటికన్నా పెద్ద హెలికాప్టర్ ఏదన్నది టెండర్ ఇచ్చిన శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెక్కలు తిరుగుతుండగా ముందు కొస నుంచి వెనక కొస దాకా ఉండే పొడవుని 'డి' అంటారు. మన హెచ్ఏఎల్ ధ్రువ్‌కి అది 15.87 మీటర్లు, గరిష్ఠ బరువు 5,500 కిలోలు. వాయుసేన ఎంఐ-17కి పొడవు 25 మీటర్లు దాటుతుంది, బరువు 13 టన్నులు. ఈ రెండింటికీ ఒకే ప్యాడ్ సరిపోదు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలకు మూలం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఇచ్చిన అనెక్స్ 14 రెండో సంపుటం. దాని ప్రకారం హెలికాప్టర్ తాకి నిలబడే గట్టి చోటు, అంటే టీఎల్ఓఎఫ్, కనీసం 0.83 డి ఉండాలి. ధ్రువ్‌కి లెక్కకడితే 13.2 మీటర్లు వస్తుంది. మనం 15 మీటర్ల చదరం తీసుకుందాం. దాని చుట్టూ ఏ అడ్డూ లేకుండా ఉండాల్సిన ఖాళీ ఇంకా పెద్దది. 1.5 డి తీసుకుంటే 24 మీటర్లు. కొండ మీద అంత చదును దొరకడమే కష్టం. కాబట్టి "ఇంకాస్త పెద్దగా వేసేద్దాం" అని ఎవరైనా అంటే తొందరపడి తలూపకండి.

ఇప్పుడు అసలు లెక్క. కాగితం, పెన్ను తీసుకోండి.

(తెరపై: 15 × 15 × 0.15 = 33.75 ఘనపు మీటర్లు)

15 మీటర్ల చదరం, 15 సెంటీమీటర్ల మందం. ఘనపు మీటరుకు 340 కిలోల సిమెంటు వేస్తే మొత్తం పదకొండున్నర టన్నులు, అంటే 230 బస్తాలు. నీళ్ళు సిమెంటు బరువులో 0.45 వంతు, 5,000 లీటర్లు దాటుతుంది. ఇసుక, మెటల్ కలిపి 64 టన్నులు. మొత్తం కలిపి దాదాపు 81 టన్నులు. ఇసుక వంశధారదైనా నాగావళిదైనా కొండ కింద దాకా సులువుగానే వస్తుంది. అక్కడి నుంచే కష్టం. 25 కిలోల సంచులుగా కడితే 3,200 మోతలకు పైమాటే. ఇది పైకి వెళ్ళేది మాత్రమే. పాత స్లాబూ ఇదే సైజయితే పగలగొట్టాక దాని ముక్కలు మరో 81 టన్నులు. వాటినీ కిందికి దించమని టెండర్‌లో రాసి ఉంటే మోత రెట్టింపు అయినట్టే.

చాలామంది లెక్కలో పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. క్యూరింగ్ నీళ్ళు, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచే నీళ్ళు. 225 చదరపు మీటర్ల స్లాబు మీద మడి కట్టి 5 సెంటీమీటర్లు నీళ్ళు నిలపాలంటే ఒక్కసారికే 11,000 లీటర్లు కావాలి. కాంక్రీటు కలపడానికి వాడిన నీళ్ళకు రెండింతలు! కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద లాంటివి కలిసిన పీపీసీ సిమెంటు లాంటివాటికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మన దగ్గర ఎక్కువగా దొరికేది పీపీసీనే. మార్చి ఎండలో కొండ మీద గాలికి ఆ నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో మీరే ఊహించండి. కాబట్టి మడి కట్టడం మానేయండి. తడి గోనె పట్టాలు పరిచి, పైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు బరువులతో నొక్కి ఉంచండి. లేదా ఇంజినీర్ ఒప్పుకుంటే తడి ఆరిపోకుండా పైన పొరలా పట్టే క్యూరింగ్ కాంపౌండ్ కొట్టండి. ఒక డ్రమ్ము కాంపౌండ్ వేల లీటర్ల నీళ్ళ మోత తప్పిస్తుంది.

మరి హెలికాప్టర్‌తో పైకి ఎత్తించుకోవచ్చు కదా అని అడుగుతారు. ధ్రువ్ కింద వేలాడదీసి తీసుకెళ్ళే గరిష్ఠ బరువు టన్నున్నర. ఆ లెక్కన 81 టన్నులకు 54 ట్రిప్పులు. అది కాగితం మీద. ఎండ పెరిగితే గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది. 1,000 మీటర్ల ఎత్తు కొండ మీద 35 డిగ్రీల ఎండ ఉంటే, హెలికాప్టర్‌కి అది దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఎగిరినట్టే ఉంటుంది. పైలట్ బరువు తగ్గించమంటే బేరమాడకండి. పొగమంచు విడిపోయాక, ఎండ ముదిరేలోపు దొరికే ఆ కొద్ది గంటల్లోనే మోత ముగించేలా ముందురోజే సామాను తూచి, వలల్లో కట్టి ఉంచండి.

అందుకే నా ఉద్దేశం సూటిగా చెప్తాను. కొండ నిజంగా దూరమైతే, కాలిదారి నిటారుగా ఉంటే, కాంక్రీటు పట్టుకుని వేలాడకండి. అల్యూమినియం పలకల ప్లాట్‌ఫారం ప్రతిపాదించండి. చదరపు మీటరుకు 40 కిలోలు అనుకున్నా పలకలు 9 టన్నులే, కింద ఉక్కు స్తంభాలు, రాతిలో దిగేసే బోల్టులు అదనం. ధర ఎక్కువే. కానీ మోత ఖర్చు కలిపి పక్కపక్కన పెడితే చాలాసార్లు ఆ తేడా కరిగిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. స్తంభాల మీద నిలిచే ప్లాట్‌ఫారం కాబట్టి, అత్యవసరంగా గట్టిగా దిగే దెబ్బకి హెలికాప్టర్ బరువుకి 2.5 రెట్లు లెక్కకట్టే పద్ధతి ఉంది. ధ్రువ్ అయితే 13.75 టన్నులు. ఆ డిజైన్ మీద స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం లేకుండా ఒక్క బోల్టు కూడా దింపకండి.

ఇక టెండర్ కాగితాలు. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో బీఓక్యూ, అంటే పనుల పరిమాణాల పట్టిక, తెరవగానే అందరి చూపు కాంక్రీటు రేటు మీదకి వెళ్తుంది. మీరు ముందు లీడ్ స్టేట్‌మెంట్, అంటే సామాను ఎంత దూరం నుంచి తేవాలో చెప్పే పట్టిక, చూడండి. లారీ ఆగే చోటు దాకానే లీడ్ ఇచ్చారా, అక్కడి నుంచి హెడ్‌లోడ్ (తల మీద) మోతకి, ఎత్తుకి విడిగా ఐటమ్ ఉందా? లేకపోతే టెండర్ వేయకముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగండి. అగ్రిమెంట్ అయ్యాక అడిగితే వినేవాళ్ళు ఉండరు. మోసేవాళ్ళు దాదాపు ఎప్పుడూ ఆ కొండ కింద గూడేల్లోని సవర, జాతాపు కుటుంబాల వాళ్ళే. వాళ్ళ కూలి మోతకా, రోజుకా అన్నది పని మొదలవక ముందే అందరి ఎదుట తేల్చుకోండి, వారం వారం చెల్లించండి. బిల్లు రాలేదన్న మాట వాళ్ళ దాకా వెళ్ళకూడదు. ఆ నడుములు నొప్పెడితేనే మన ప్యాడ్ లేస్తుంది.

కొండ రిజర్వ్ ఫారెస్ట్‌లో ఉంటే కాలిదారి వెడల్పు చేయాలన్నా, ఒక చెట్టు కొమ్మ కొట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. దానికి నెలలు పట్టొచ్చు, గడువు లెక్కలో పెట్టుకోండి. ఒడిశా సరిహద్దు వైపు కొండల్లో ఏనుగులు తిరుగుతుంటాయి. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌తో రోజూ మాట్లాడాకే మనుషుల్ని పైకి పంపండి.

కాలం మాటకొస్తే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, అక్టోబర్, నవంబర్‌లో తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. తిత్లీ మన పలాస దగ్గరే. కాబట్టి డిసెంబర్ నడిమి నుంచి ఏప్రిల్ దాకానే పనికి అనువైన కాలం. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం మబ్బు పడితే కొండ నెత్తిన ఎవరూ ఉండకూడదు. పిడుగు ముందు టవర్ మీద, తర్వాత పక్కనున్న మనిషి మీద పడుతుంది.

ఇప్పుడు పాత ప్యాడ్. సుత్తి ఎత్తే ముందు అది ఎందుకు పాడైందో కనుక్కోండి. అంచులు కూలిపోయి ఉంటే, వాన నీరు కింద మట్టిని కోసుకుపోయింది. మధ్యలో అడ్డదిడ్డంగా పగుళ్ళుంటే స్లాబు ముక్కల మధ్య జాయింట్లు (అతుకు సందులు) ఇవ్వలేదు, లేదా కింద ఒక సగం రాయి, ఒక సగం పోసిన మట్టి. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి ఎక్కువ. పైకి గట్టిగా కనిపించినా వాతావరణానికి మెత్తబడి గునపానికి లొంగిపోతుంది. మెత్తటి పొర మొత్తం తీసి, గట్టి రాయి తగిలే దాకా వెళ్ళండి. కారణం తెలుసుకోకుండా అదే చోట అదే స్లాబు వేస్తే అదే పగులు మళ్ళీ వస్తుంది.

పగలగొట్టిన ముక్కల్ని కిందికి దించకుండా ఉండే దారి ఒకటుంది. ఇనుప వల బుట్టల్లో నింపి గేబియన్‌లుగా కట్టి, ప్యాడ్ పల్లపు వైపు మట్టికి అడ్డుగోడ వేయండి. డిజైన్‌లో చేర్చి, శాఖ ఆమోదం తీసుకుని చేయాలి. దీంతో దిగే మోత చాలావరకు తప్పుతుంది, అంచు కోత కూడా ఆగుతుంది. వలల మూతలు మాత్రం గట్టిగా కట్టాలి.

పాత ప్యాడ్ ముట్టుకున్న రోజు నుంచి అక్కడ ఎవరూ దిగలేరు. టవర్ సిబ్బందిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? అందుకే దగ్గర్లో తాత్కాలికంగా దిగే చోటు ముందే పైలట్ సంస్థతో కలిసి చూసి పెట్టుకోండి. మూసేసిన ప్యాడ్ మీద పైనుంచి కనిపించేలా పెద్ద గుణకారం గుర్తు వేయండి. దాన్ని వాడే ప్రతి శాఖకీ తేదీలతో ఉత్తరం పంపండి.

కాంక్రీటు ఒకే రోజు 33 ఘనపు మీటర్లు కొండ మీద పోయలేం, పోయాల్సిన అవసరం కూడా లేదు. 15 మీటర్లని రెండు వైపులా నాలుగేసి భాగాలు చేస్తే 3.75 మీటర్ల గడులు పదహారు. చదరంగం బల్లలా ఒక గడి వదిలి ఒక గడి పోసుకుంటూ వెళ్ళండి. ఒక్కో గడికి రెండు ఘనపు మీటర్ల పైచిలుకు, పద్నాలుగు పదిహేను బస్తాల సిమెంటు. విప్పి మోసుకెళ్ళగలిగే చిన్న మిల్లర్‌కి (కాంక్రీటు కలిపే యంత్రానికి) అది రోజు పని. ఇసుక, మెటల్ కిందే తూచి సంచుల్లో కట్టి పంపితే పైన పాళ్ళు తప్పవు. కాంక్రీటు బలం ఎం30 గ్రేడ్‌కి తగ్గకండి. ప్యాడ్ వాలు ఎటు చూసినా 2 శాతం దాటకూడదు, కానీ నీరు నిలవకూడదు, ఒకటి ఒకటిన్నర శాతం చాలు. పైభాగం నున్నగా తీయకుండా చీపురుతో గీతలు లాగండి, తడిలో చక్రం జారదు. షిఫ్టుకి కనీసం ఒక శాంపిల్, అంటే బలం పరీక్షకి పోసే మూడు క్యూబులు. ఒక్కో క్యూబు 8 కిలోలు, అవీ కిందికి మోయాల్సినవే. ఏ రోజు ఏ గడి, ఏ క్యూబు అన్నది ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాయించుకోండి. కింద రాయి కడిగి చూపించిన ఫొటో, కొలతలు స్లాబు కప్పకముందే శాఖ అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) సంతకంతో ఉండాలి. కప్పేశాక బిల్లు దగ్గర మన నోటిమాటకి విలువ లేదు.

గుర్తులు. చుట్టూ 30 సెంటీమీటర్ల తెల్ల గీత. మధ్యలో తెల్లటి హెచ్ అక్షరం, 3 మీటర్ల ఎత్తు, 1.8 మీటర్ల వెడల్పు, గీత మందం 40 సెంటీమీటర్లు. హెచ్ అడ్డగీత హెలికాప్టర్ వచ్చే దారికి లంబంగా ఉండాలి. పెయింటర్‌కి వదిలేస్తే గదికి ఎదురుగా, ఫొటోకి బాగుండేలా వేస్తాడు. పక్కన నిలబడి తాడు మీరే పట్టించండి. దాని చుట్టూ పసుపు వలయం, లోపలి వ్యాసం డి లో సగం, ధ్రువ్‌కి 7.9 మీటర్లు. ప్యాడ్ మోయగల బరువు టన్నుల్లో రాయించండి. గాలిసంచి పొడవు 2.4 మీటర్లు, పెద్ద మూతి 60, చిన్న మూతి 30 సెంటీమీటర్లు. టవర్ చాటు గాలి తగిలే చోట దాన్ని పాతకండి, పైలట్‌కి తప్పు దిశ చూపిస్తుంది.

అప్పగించే ముందు రోజు మనుషులందరినీ ప్యాడ్ చుట్టూ వరసగా నడిపించండి. ఖాళీ సిమెంటు బస్తా, పాలిథిన్ ముక్క, బైండింగ్ వైరు, గులకరాయి, ఏదీ మిగలకూడదు. దిగే హెలికాప్టర్ గాలికి ఖాళీ బస్తా లేచి రెక్కల్లోకి వెళ్తే లోపల ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను, మీరూ వినకండి.

డిఫెక్ట్ లయబిలిటీ కాలం, అంటే లోపాలు వస్తే కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం, మొదలయ్యాక, మొదటి వానాకాలం అవగానే ఒకసారి పైకి వెళ్ళండి. పల్లపు అంచు కింద వేలు దూరే సందు ఉందా, గేబియన్ వల తెగిందా, జాయింట్లలో గడ్డి మొలిచిందా, గాలిసంచి చిరిగిందా చూడండి. సందు కనిపిస్తే ఆ వారమే గ్రౌట్ (పల్చటి సిమెంటు పాలు) పోయించండి. అప్పుడు రెండు బస్తాల మోతతో పోతుంది.